దించని బియ్యం మూట

మా బాబాయి పోయిన కబురు నాకు మధ్యాహ్నం దాటాక తెలిసింది. నేను ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో ఉన్నాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పాత్రకి గొంతిస్తున్నాను. ఏడుపు తెర మీది నటి పెదాల కదలికకి కుదరలేదని డైరెక్టర్ గారు మళ్లీ మళ్లీ ఏడిపించారు. చివరికి "సూపరండీ మేడమ్" అన్నాక బయటికొచ్చి సంచీలోంచి ఫోన్ తీస్తే పిన్ని దగ్గర్నుంచి వరసపెట్టి కాల్స్. తిరిగి చేశాను. "మీ బాబాయి లేడే అమ్మాయ్" అంది. నాకు కన్నీళ్లు రాలేదు. ఉన్నవన్నీ లోపల మైకు ముందే అయిపోయాయి. ఆటోలో మోతీనగర్ వెళ్లి, చాప మీద పడుకోబెట్టిన ఆయన్ని, సుత్తి దెబ్బలకి పలకబారిన ఆ ఎడమ బొటనవేలి గోరుని చూశాక మాత్రం ఆపుకోలేకపోయాను.

పొద్దున్న పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. ఒళ్లో సినిమా పేజీ ఉందట. నెలల తరబడి ఆ పేజీలో ఆయన ఏం వెతుకుతున్నాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. మీకూ చెబుతాను. చెప్పుకోవడం తప్ప నేను చేయగలిగింది ఇంకేమీ మిగల్లేదు.

మా బాబాయి సినిమా వాళ్ల ఇళ్లల్లో పటాలు తగిలించేవాడు. గోడకి మేకు కొట్టి ఫొటో తగిలించడం కూడా ఒక పనేనా అని మీకనిపించవచ్చు. జూబ్లీహిల్స్‌లో అది పనే. అక్కడ ఫొటో అంటే మన ఇళ్లల్లో ఉండే జానెడు ఫొటో కాదు. మనిషెత్తు టేకు చట్రం, మందపాటి అద్దం, నలుగురు పడితేగాని లేవని బరువు. తండ్రిగారి నిలువెత్తు పటం, పెళ్లినాటి ఫొటో గోడంత చేయించినది, రాళ్లు పొదిగిన తంజావూరు కృష్ణుడు, వందరోజుల షీల్డులు. వాటి కింద సోఫాలుంటాయి, సోఫాల్లో మనుషులుంటారు. పటం పడితే అద్దం ఒక్కటే పగలదు.

పగిలినా ఎవరూ అంతగా బాధపడరేమో. అక్కడి అసలు భయం వేరు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సెంటిమెంట్. పటం పడితే సినిమా పోతుంది. అందుకని పటం తగిలించే మనిషి చెయ్యి మంచిదై ఉండాలి. ఎంత బరువు మోస్తుందన్నది తర్వాతి సంగతి.

పరిశ్రమ మద్రాసు నుంచి తరలి వచ్చినప్పుడు దాంతోపాటే బాబాయీ వచ్చాడు. అప్పట్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఉండేవాడు. సెట్లో వేసిన ఇళ్లకి పటాలు కట్టడం ఆయన పని. "సెట్లో పటానికి బరువుండదమ్మా, గోడకి బలముండదు. ఒకదాన్ని చూసి ఇంకొకటి నిలబడుతుంది" అని నవ్వేవాడు. అది విసుగెత్తి నిజం ఇళ్లకి మారాడు. నిజం గోడ దొరికిన రోజు ఎంత సంతోషపడ్డాడో పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

ఆయన ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని చూసేవాడు కాదు, గోడల్ని చూసేవాడు. వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "పలికే గోడని నమ్మకూడదు. మూగగోడే మోస్తుంది" అనేవాడు. నా పెళ్లి మాటలకి వెళ్లినప్పుడు మా మామగారు కట్నకానుకల ప్రసక్తి వద్దని పెద్దమనిషిలా మాట్లాడుతుంటే, మా బాబాయి హాల్లో తిరుగుతూ టకటకా గోడలు కొడుతున్నాడు. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. తిరిగొచ్చేటప్పుడు "గోడలు మూగవే వదినా, ఖాయం చేసేయండి" అన్నాడు. ఆ గోడల మధ్యే ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నాను. ఆయన లెక్క తప్పలేదనే చెప్పాలి.

మంచి మనిషే గాని మెత్తని మనిషి కాదు. పని దగ్గర నోరు మహా చెడ్డది. ఒకే మేకుకి పెద్ద పటం వేలాడుతూ కనిపిస్తే, అది ఎంత పెద్ద హీరో ఇల్లయినా సరే, "ఎవడండీ ఈ ఘనకార్యం చేసింది?" అని కేకలేసేవాడు. రెండు చోట్ల ఉండాలి పట్టు, దేని బరువు అది మోసేలా. పైపూతలో కాదు, లోపలి ఇటుకలో దిగాలి. కన్నం చేసి, కొయ్య బిరడా దిగ్గొట్టి, దాంట్లో కొక్కెం బిగించి, రసమట్టం పెట్టి చూసి, అప్పుడు కూడా పటాన్ని ఎత్తనిచ్చేవాడు కాదు. "బియ్యం తెప్పించండి" అనేవాడు.

ఇది ఆయన ఒక్కడి పద్ధతి. తను తెచ్చుకున్న గోనెసంచీలో ఆ ఇంటి వంటింట్లోని బియ్యమే పోయించి, పటం కన్నా బరువుగా మూట కట్టి, పటానికి కట్టబోయే తీగతోనే ఆ కొక్కేలకి తగిలించేవాడు. ఒక రాత్రంతా మూట వేలాడాలి. తెల్లారి తనే వచ్చి, తన చేత్తో మూట దించి, కొక్కేల్ని బొటనవేలితో నొక్కి చూసి, అప్పుడు పటం ఎత్తేవాడు. "ముహూర్తం ఇవాళేనండీ" అని ఇంటివాళ్లు గోల పెడితే, "ముహూర్తం పటానికండీ, మేకుకి కాదు" అనేవాడు. మూట దించడానికి ఇంకొకరు చెయ్యి వేస్తే ఊరుకునేవాడు కాదు. మూట దించిన చేత్తోనే పటం ఎత్తాలి, అదీ ఆయన మాట. బరువు ఏ మాత్రం జారినా ఆ చేతికే తెలుస్తుందట.

అలాంటి మనిషి తగిలించిన పటం ఒకటి పడింది. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత ఆఫీసు. ఆయన తండ్రిగారి నిలువెత్తు పటం. సరిగ్గా వాళ్ల సినిమా విడుదలైన పొద్దున, పూజ చేస్తుండగా, పటం కింద పడి అద్దం ముక్కలైంది. సాయంత్రానికి సినిమా పోయిందని తేలింది. ఇంకేముంది. మా బాబాయి చెయ్యి అచ్చిరాదన్న మాట ఫిల్మ్ నగర్ నుంచి శ్రీనగర్ కాలనీ దాకా పాకిపోయింది. గృహప్రవేశాలకి పిలిచేవాళ్లు పిలవడం మానేశారు. ఎదురుపడితే మొహం చాటేశారు. ఒక పెద్ద దర్శకుడైతే కారు అద్దం సగం దించి చూసి మళ్లీ ఎత్తేసుకున్నాడట. ఆ అద్దం సంగతి బాబాయి చాలాసార్లు చెప్పాడు.

కొన్నాళ్లకి ఒక వాయిస్ టెస్టుకని నేను ఆ ఆఫీసుకే వెళ్లాల్సి వచ్చింది. కూర్చోబెట్టిన చోట ఎదురుగా రాతి గోడ, మధ్యలో రెండు కన్నాలు. పటం పడిన గోడ అదేనని అక్కడి అమ్మాయి చెప్పింది. ఆయన పెంచిన పిల్లనే కదా, లేచి వేలి కణుపుతో కొట్టాను. పలికింది. అది గోడే కాదు. ఏసీ గది కోసం సెట్టు వడ్రంగులు వేసిన చెక్క తడిక. పైన ప్లాస్టర్ పూసి రాయిలా రంగేశారు. బాబాయి పటం తగిలించింది దాని ఎదురు గోడకని ఆ అమ్మాయే చెప్పింది. విడుదలకి ముందు సిద్ధాంతి గారు వచ్చి, పెద్దవారి పటం దక్షిణపు గోడకి ఉండాలన్నారట. ఆఫీసు వాళ్లే దించి, ఇటు తెచ్చి, రెండు స్క్రూలు బిగించి తగిలించేశారు. పగలూ రాత్రీ సెట్లల్లో బతికే వాళ్లు, తాము వేయించుకున్న సెట్టుని తామే గోడ అనుకున్నారు.

నేను పరుగున వెళ్లి బాబాయికి చెప్పాను. ఆయన మొహంలో అంత వెలుగు చాలా కాలానికి చూశాను. "చూశావటే? నేను కొట్టిన గోడ కాదన్నమాట. పాపం వాళ్లకి తెలియదు, చెబితే అర్థం చేసుకుంటారు" అన్నాడు. మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. వెళ్లకుండా ఉంటే బాగుండేదని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

నిర్మాత లోపలికి పిలవలేదు. మేనేజరు వచ్చి కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు, చాయ్ తెప్పించాడు. బాబాయి చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"గీ గోడ ముచ్చట మాకు ఎర్కలేదా పెద్దాయనా? ఆఫీసుల అందరికీ ఎర్కే" అన్నాడు. "గని ఏం జేస్తం చెప్పు. సిద్ధాంతి తప్పు జెప్పిండని సార్‌తోని ఎవ్వలంటరు? పిక్చర్ల దమ్ము లేకుండె అని ఎవ్వలంటరు? ఎవ్వలో ఒకల మీదికి పోవాలె గదా. నీ మీదికి పోయింది. ఫికర్ చెయ్యకు, జర చాయ్ తాగు, సల్లారుతది."

బాబాయి చాయ్ తాగాడు. కప్పు జాగ్రత్తగా సాసర్లో పెట్టాడు. ఆటో ఎక్కాం. ఎర్రగడ్డ దగ్గరికి వచ్చాక, "వాళ్లకి తెలుసటమ్మా" అన్నాడు. వాళ్లకి తెలియదని అనుకున్నన్నాళ్లూ ఆయనకి ఒక ఆశ ఉండేది. తెలిస్తే పిలుస్తారని. ఆ రోజు అది కూడా పోయింది. నిజం తెలియకపోవడం వల్ల జరిగే అన్యాయానికి మందుంటుంది. అందరికీ తెలిసే జరిగేదానికి ఏ మందూ లేదు.

ఆ తర్వాత ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. మోతీనగర్‌లో చుట్టుపక్కల వాళ్లకి క్యాలెండర్లూ గడియారాలూ తగిలించి పెట్టేవాడు. వాటికి కూడా మూట కడతానంటే పిన్ని కేకలేసేది. "గడియారానికి బియ్యం మూటేంటండీ, నవ్వుతారు!" అంటే, "నవ్వనీ. పడితే ఏడవరూ?" అనేవాడు. పని లేని చేతులు చూస్తుండగానే సన్నబడిపోయాయి.

కిందటేడు జూబ్లీహిల్స్ నుంచి కబురొచ్చింది. ఒకప్పటి కథానాయిక. పెద్దావిడ, ఇప్పుడు ఇల్లు దాటి రావడం లేదు. మద్రాసు రోజుల్లో షాట్ల మధ్య సెట్టులోని మంచం మీదే పడుకునేదట. "ఈ పటం ఎవరు కట్టారు?" అని అడిగి, బాబాయి పేరు చెబితేనే దాని కింద తల పెట్టేదట. ఆ రోజుల్లో యూనిట్ అంతా కలిసి దిగిన ఫొటో ఒకటి ఆవిడ దగ్గర ఉంది. దాన్ని గోడంత పెద్దది చేయించుకుంది. "ఇందులో ఉన్నవాళ్లలో మనిద్దరమే మిగిలామండీ. మీరే వచ్చి తగిలించాలి" అని తనే ఫోన్ చేసింది. ఫొటోలో కుడి చివర ఒక నిచ్చెన, దాని పక్కన సగం భుజం ఉంటాయి. ఆ భుజం మా బాబాయిది. మిగతా మనిషి అప్పుడే ఫొటోలో పట్టలేదు.

ఆయనకి తోడుగా నేనే వెళ్లాను. హాల్లో పాతకాలపు ఇటుక గోడ. కొట్టి, చెవి ఆనించి, "మూగది" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికే అన్నేళ్లు బతికినట్టు అన్నాడు. సన్నబడిన ఆ చేతులతోనే కొక్కేలు గట్టిగా బిగించాడు. వంటింట్లోంచి బియ్యం తెప్పించి మూట కట్టి తగిలించాడు. పటం కింద గోడకి ఆనించి ఉంది. "రేప్పొద్దున వచ్చి ఎత్తేద్దామండీ" అని చెప్పి వచ్చాడు. దారంతా చిన్నపిల్లాడిలా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే పెద్దావిడ కొడుకు ఫోన్ చేశాడు. సినిమాలు తీస్తాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఏమనుకోకండి బాబాయ్ గారూ. ఇంకో రెండు వారాల్లో మన సినిమా రిలీజ్ ఉంది. మీ గురించి మావాళ్లు ఏదో అంటున్నారు. నాకవేం పట్టింపుల్లేవనుకోండి. రిలీజ్ అయిపోగానే నేనే కారు పంపిస్తాను" అన్నాడు.

"అలాగే బాబూ. మూట మాత్రం ఎవర్నీ దించనివ్వకండి" అన్నాడు బాబాయి.

రెండు వారాలన్నది నెలలైంది. గ్రాఫిక్స్ రాలేదన్నారు. మంచి డేటు దొరకలేదన్నారు. పెద్ద హీరో సినిమా అడ్డొచ్చిందన్నారు. వాయిదా పడినప్పుడల్లా పేపర్లో కొత్త పోస్టరు పడేది. బాబాయి దాన్ని చూసి మడిచి పక్కన పెట్టి, "మంచిదేలే, తొందరపడి పాడుచేసుకోకూడదు" అనేవాడు. ఆ సినిమా బాగా ఆడాలని ఈ ఊళ్లో ఆయన కోరుకున్నంతగా ఎవరూ కోరుకుని ఉండరు. పటం ఎత్తాలంటే అది ఆడాలి మరి. పెద్దావిడ మాత్రం బాబాయి మాట నిలబెట్టింది. పనివాళ్లు దించబోతే, "ఆయనొచ్చి దించాలి" అని అడ్డం కూర్చుందట. అలా జూబ్లీహిల్స్‌లో ఒక గోడకి బియ్యం మూట, మోతీనగర్‌లో ఒక కుర్చీలో మా బాబాయి, ఒకే తేదీ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. చివరి తేదీ ప్రకటించిన పేజీయే ఆయన ఒళ్లో ఉన్నది. అది చదివాడో లేదో మాకు తెలియదు.

ఆయన పోయిన వారానికి సినిమా విడుదలైంది. ఆడింది. మామూలుగా కాదు, బ్రహ్మాండంగా. పెద్దకర్మ అయిన మర్నాడు ఆ ఇంటి నుంచి నాకు ఫోన్ వచ్చింది. పెద్దాయన ఫోన్ ఎత్తడం లేదు, వెంటనే తీసుకురమ్మని. వస్తానని మాత్రం చెప్పాను. పెద్దావిడకి ఎదురుగా చెప్పాలనుకుని వెళ్లాను.

హాల్లోకి అడుగుపెట్టగానే ఆగిపోయాను. మూట అక్కడే ఉంది. గోనె మీద పసుపు రాసి, ఇంత కుంకుమ బొట్టు పెట్టారు. మెళ్లో వేసినట్టు చామంతి దండ వేశారు. పటం మాత్రం మొహం గోడకి తిప్పి కిందే ఉంది.

కొడుకు నవ్వుతూ ఎదురొచ్చాడు. "చూశారాండీ మహత్యం! ఈ మూట పెట్టాకే మనకి కలిసొచ్చిందన్నారు సిద్ధాంతి గారు. ఇంక దీన్ని కదపొద్దన్నారు. అమ్మ ఫొటోకి ఇంకో గోడ చూద్దాం లెండి. బాబాయ్ గారి చెయ్యి బంగారం అసలు. సక్సెస్ మీట్‌లో ఆయనకి స్టేజి మీద శాలువా కప్పాలనుకుంటున్నాం. ఏరీ, కార్లో ఉన్నారా?"

"బాబాయి పోయారండీ" అన్నాను.

అతని మొహం పాలిపోయింది. దుఃఖమనే అనుకున్నాను. ఒక్క క్షణం మూట వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎప్పుడండీ? రిలీజ్‌కి ముందా, తర్వాతా?"

"ముందే."

పట్టి ఉంచిన ఊపిరి వదిలాడు. ఆ తర్వాత అయ్యో అన్నాడు, చాలా మంచి మనిషన్నాడు, ఏదైనా కావాలంటే అడగమన్నాడు. అన్నీ అన్నాడు. నాకు ఆ ఊపిరి ఒక్కటే వినిపిస్తూ ఉంది. ఇది రాస్తుంటే కూడా అదే వినిపిస్తోంది. మా బాబాయి చావు కూడా వాళ్ల లెక్కలో శకునమే, అది కాస్త ముందు పడింది కాబట్టి మంచి శకునం. ఇందులో ఎక్కడైనా ఓదార్పు ఉందేమోనని చాలా వెతికాను. నాకు దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి.

హాల్లో ఒక మూల కూర్చుని అంతా వింటున్న పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. నా భుజం పట్టుకుని గోడ దాకా నడిచింది. "మూట దించిన చేత్తోనే పటం ఎత్తాలనేవారు కదమ్మా" అంది. నేను తలూపాను. "అయితే ఇంక ఇది దిగదు, అది ఎక్కదు. రెండూ అంతే" అంది.

ఆవిడ అరచెయ్యి ఆనించి మూటని మెల్లగా నెట్టి చూసింది. దండలోంచి రెండు చామంతి రేకులు రాలాయి. నెలల నాటి బియ్యం కదా, గోనె అల్లికలోంచి ఒక ముక్కుపురుగు బయటికొచ్చి, కుంకుమ బొట్టు చుట్టూ తిరిగి, మళ్లీ లోపలికి పోయింది. మూట కదల్లేదు.